ముళ్ళపంది మట్టి కప్పదు

ద్రీకా రెండో వాయి రొట్టెలను తిప్పుతోంది. గుమ్మం పక్కన, గాలి తగలని మూల, రాళ్ళ మధ్య పరిచిన నిప్పుల మీద ఇనుప తీగల జల్లెడ, దాని మీద అరచేతిలో పట్టేంత రొట్టెలు ఎనిమిది. వేళ్ళ కొసలతోనే తిప్పాలి, పట్టకారు పెడితే పొంగు అణిగిపోతుంది, అమ్మ అలాగే తిప్పేది, చివరి రోజుల్లో అమ్మ వేళ్ళకు వేడి తెలిసేదే కాదు. మొదటి వాయి రొట్టెలు గుడ్డలో మూట కట్టి అరుగు మీద ఉన్నాయి, మేక మాంసం ముక్కలు వేరే డబ్బాలో, ఉడికించిన గుడ్లు నాలుగు, అన్నీ చెల్లెలు సీనా దారిలో తినడానికి. కేప్‌టౌన్ నుంచి, సీనాకు పని ఇచ్చిన మేడమ్ పంపే కారు పదకొండింటికి వస్తుంది. ఇంకో గంట ఉంది. ఈ గంటలో సీనా చెప్పాలి. చెబుతుంది, ఎందుకు చెప్పదు, ఇన్నేళ్ళలో ఆ పిల్ల ఏ తప్పునూ మూడు రోజులకు మించి కడుపులో దాచుకోలేదు, చక్కెర దొంగిలిస్తే తనే వచ్చి నాలుక చూపించేది. కానీ ఇది ఏడు నెలలు. జనవరి నుంచి ఆగస్టుకు ఏడు నెలలు. ద్రీకా వేలు కాలింది, నోట్లో పెట్టుకుంది, పిండి రుచి, బూడిద రుచి.

వారం రోజుల మబ్బు తర్వాత ఇవాళే గట్టి ఎండ. కొండ నీడ ఇంకా తోట మీద ఉంది, మెల్లగా కిందికి జారుతోంది, నీడ ఉన్నంతసేపు పువ్వులు విచ్చవు, పిడికిళ్ళు బిగించుకుని నిలబడి ఉంటాయి. విచ్చినా గుమ్మంలో నిలబడినవాళ్ళకు ఈ తోట వీపే చూపిస్తుంది. ఈ దేశంలో ఎండ ఉండేది ఉత్తరాన, పువ్వులన్నీ అటే తిరుగుతాయి, ఇల్లు దక్షిణాన, రోడ్డు ఉత్తరాన, రోడ్డు మీద వచ్చేవాళ్ళకు ముఖాలు, ఇంట్లోవాళ్ళకు వీపులు. చిన్నప్పుడు సీనా ఏడ్చేది, మన పువ్వులు మనల్ని చూడవేంటక్కా అని. పోయి రోడ్డు మీద నిలబడవే, చూస్తాయి, అనేది ద్రీకా. మొన్న ఆదివారం చర్చి నుంచి వస్తూ తనే నిలబడింది రోడ్డు మీద. ఆ కాసేపు మబ్బు తెరిపి ఇచ్చింది. సగం సగం విచ్చుకున్న తోట, అక్కడా ఇక్కడా నారింజ రంగు, తెలుపు, మధ్యలో చిలకరించినట్టు నీలం, ఎవరూ నాటనట్టు, గాలి తెచ్చి పడేసిపోయినట్టు, అలా కనిపించడానికే ఆమెకు పదకొండేళ్ళు పట్టింది. ఆ వాలు మధ్యలో, తెల్ల రాయికి పక్కగా, నాలుగు చదరాలు. ఒక్కొక్కటీ పార వెడల్పు. నాలుగింట్లోనూ నారింజ చేమంతులు వేలు దూరే సందు లేకుండా, పెట్టెలో సర్దినట్టు. పక్కింటి ఫయా ఆంటీ వెనక నుంచి వచ్చి, "అబ్బో, అక్కడ ఇరగబూసిందే ద్రీకా, ఎరువేశావా ఏంటి దొంగచాటుగా?" అంది. ద్రీకా నవ్వింది. ఆ నవ్వు ఇంటికొచ్చేదాకా మొహం మీద అలాగే ఉండిపోయింది, తీయడం మరిచిపోయిన టోపీలా.

అడవి చేమంతికి కదిలిన మట్టి అంటే ప్రాణం. దున్ని వదిలేసిన చేలో, జంతువు తవ్విన చోట, కొత్త సమాధి మీద, అక్కడే ముందు మొలుస్తుంది, అక్కడే ఒత్తుగా మొలుస్తుంది, ఈ ఊళ్ళో పాలుతాగే పిల్లలకు తప్ప అందరికీ తెలుసు. అందుకే డిసెంబరులో విత్తనం రాలాక ద్రీకా కంచె తీసి జాస్పర్ మామ మేకలను రెండు రోజులు తోటలోకి వదులుతుంది, ఎండిన పుల్లలు అవి తింటాయి, గిట్టలతో విత్తనం తొక్కుతాయి, దున్నకమూ అదే, నాటూ అదే. ఊరంతా మేకలు రాకుండా కంచె కడితే నువ్వు రమ్మని కంచె తీస్తావేమే అని జాస్పర్ మామ ఇప్పటికీ పడీపడీ నవ్వుతాడు. తర్వాత వాన పడేదాకా ఏమీ చెయ్యకూడదు. నీళ్ళు పోయకూడదు, ఊడ్చకూడదు, గోకకూడదు. క్లినిక్ ముందు తను వేసిన తోటయినా, గెస్ట్‌హౌస్ ముందు వేసినదైనా అంతే, జీతం తీసుకుని ఏమీ చెయ్యవా అని నర్సు మొదటి వేసవి దెప్పింది, వసంతం వచ్చాక తనే కుర్చీ తెచ్చుకుని బయట కూర్చుంది. చేతులు కట్టుకుని ఉండటమే ఇందులో కష్టం. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా, వేసవి ఆరు నెలలూ ఇంటి ముందు దుమ్మూ పుల్లలూ. "ఏం ద్రీకా, కట్టెల కాపలా ఎలా సాగుతోంది?" అని ఫయా ఆంటీ ప్రతి ఫిబ్రవరిలో అడుగుతుంది, ప్రతి ఆగస్టులో పువ్వుల దగ్గర నిలబడి మనవరాళ్ళతో ఫొటో తీయించుకుంటుంది.

"అక్కా, నా నీలం స్వెట్టరు చూశావా?"

సీనా తలుపు దగ్గర నిలబడి ఉంది, తల సగం దువ్వుకుని, దువ్వెన జుట్టులోనే ఉంచి. ఇరవై ఆరేళ్ళు వచ్చినా దువ్వెన అలాగే వదిలేస్తుంది.

"తీగ మీద ఉంది."

"ఇంకా తడిగానే ఉంది."

"ఎండ వచ్చిందిగా. ఆరుతుంది."

సీనా వెళ్ళలేదు. కాలి బొటనవేలితో గడప గీకుతోంది. ద్రీకా నిప్పులవైపే చూస్తూ కూర్చుంది, తిరిగి చూస్తే ఆ పిల్ల నోట్లోకి వచ్చింది వెనక్కి పోతుంది, పిట్ట దగ్గరికొచ్చినప్పుడు ఊపిరి బిగబట్టినట్టు కూర్చుంది.

"అక్కా."

"ఊ."

"రొట్టె మాడుతోంది."

మాడింది. ఒకటి. అది తనకు ఉంచుకుంటుంది. సీనా లోపలికి వెళ్ళిపోయింది, పెట్టె మూత తెరిచిన చప్పుడు, మూసిన చప్పుడు, మళ్ళీ తెరిచిన చప్పుడు.

ఆ నాలుగు చదరాల చోట ఎర్ర గిన్నెలు ఉండాలి. ఆ పువ్వుకు ఆ పేరు అమ్మ పెట్టింది. పట్టులా మెరిసే ఎరుపు, అడుగున నల్ల కన్ను, మంచి ఎండ కాస్తే తప్ప మూత తెరవవు. గడ్డ చిటికెన వేలి గోరంత. అమ్మ పుట్టి పెరిగిన పల్లపు నేలను గోధుమ కోసం దున్నేసే ముందు రోజు అమ్మమ్మా అమ్మా ఏప్రన్లలో ఏరుకుని వచ్చిన గడ్డలవి, ఆ పల్లంలో ఇప్పుడు గోధుమ తప్ప ఏమీ లేదు. వేసవిలో వాటికి ఆకు కూడా ఉండదు, నేల మీద గుర్తే ఉండదు, తెల్ల రాయి నుంచి పొద్దుపొడిచే వైపు మూడు అడుగులు, అక్కణ్ణుంచి పల్లానికి రెండు. అమ్మ ద్రీకాకు చెప్పింది. అమ్మ పోయాక ద్రీకా సీనాకు చెప్పింది, అప్పటికి సీనాకు తొమ్మిదేళ్ళు, తనకు ఇరవై నాలుగు. ఇంకెవరికీ చెప్పలేదు. అంతకు ముందే ఒకసారి సీనా, ఆరేళ్ళ పిల్ల, ఎండాకాలం మిట్టమధ్యాహ్నం గిన్నెలు కడిగిన నీళ్ళన్నీ మోసుకెళ్ళి ఆ చుట్టుపక్కల పోసింది, పాపం దాహమేస్తుందని. రోజూ పోసింది. నిద్రపోయే గడ్డకు నీళ్ళు పోస్తే కుళ్ళిపోతుంది. ఆ ఏడు సగానికి సగం పోయాయి. నేనే పోశానమ్మా, తెలీక, అని ద్రీకా చెప్పింది, ఇరవై ఒక్క ఏళ్ళ దానికి తెలియకపోవడమేమిటని అమ్మకు అనుమానం, అయినా చెంప మీద కొట్టింది. సీనా తలుపు చాటు నుంచి చూసింది. రాత్రి దుప్పట్లోకి దూరి ద్రీకా చెంప మీద చెయ్యి పెట్టి పడుకుంది. ఆ చెయ్యి. ఆ చేతితోనే.

మొదట ముళ్ళపంది అనుకుంది. మేలో వానలు పడ్డాక రోజూ వంగి వెతికింది గడ్డిపోచంత ఆకు కోసం. జూన్‌లో చేమంతి ఆకులు దట్టమయ్యాయి, వాటి చాటున ఉండి ఉంటాయిలే అనుకుంది, జూలైలో మోకాళ్ళ మీద కూర్చుని ఆకులు పాయలు తీసి చూసింది, ఒక్క పోచ లేదు. ముళ్ళపందే, వాటికి గడ్డలంటే పిచ్చి, కంచె కింద నుంచి దూరి ఉంటుంది. ముళ్ళపంది మీద కోపం కూడా తెచ్చుకుంది, వాకిట్లో నిలబడి తిట్టింది, సీనా వింటూ ఉంది, టీ పెట్టనా అక్కా అంది. ఆదివారం ఆ చదరాలు చూసేదాకా తట్టనే లేదు. ముళ్ళపంది మట్టి కప్పదు. తవ్వుతుంది, తింటుంది, గొయ్యి అలాగే వదిలేసి పోతుంది. కింది మట్టి కిందికి, పై మట్టి పైకి వేసి, మడమతో నొక్కి, పైన గులకరాళ్ళు పరిచి పోయేది ముళ్ళపంది కాదు. గొయ్యి తెరిచి వదలకు, అని తను చెప్పిన మాటే. గడ్డను పీకకు, మట్టితో సహా పలకలా లేపు, అని తను చెప్పిన మాటే. పార ఎత్తలేని చేతుల మీద తన చేతులు వేసి నేర్పింది. ఎంత బాగా నేర్చుకుంది. నేర్పినట్టే చేసింది, ఒక్కటీ తప్పలేదు, విత్తనాలున్న పై మట్టి జాగ్రత్తగా మళ్ళీ పైకే వేసింది గనకే అంత ఒత్తుగా మొలిచింది. అడ్డదిడ్డంగా పూడ్చిపోయి ఉంటే ద్రీకా చచ్చేదాకా ముళ్ళపందినే తిట్టుకుంటూ ఉండేది.

జనవరిలో ఏటా మూడు వారాలు ద్రీకా కొండ మీదికి టీ కోతకు పోతుంది, ఎర్ర టీ పొదలు కొయ్యడానికి, ఆడవాళ్ళంతా కలిసి లారీలో. ఈసారి సీనా రానంది, నడుం నొప్పి అంది. కాపలా ఉంటానంది. దేనికే కాపలా, పుల్లలకా, అని ద్రీకా నవ్వుతూ లారీ ఎక్కింది. తిరిగొచ్చేసరికి ఇల్లు అలికినట్టు శుభ్రంగా ఉంది, కిటికీలు తుడిచి ఉన్నాయి, తన కోసం కొత్త చెప్పులు కొని పెట్టి ఉంది. ఆ చెప్పులే ఇప్పుడు కాళ్ళకున్నాయి. ద్రీకా కిందికి చూసుకుంది. విప్పి పక్కన పెట్టింది. నేల ఇంకా చల్లగా ఉంది.

మార్చిలో ఫోను వచ్చింది, ఫిలిప్పా మేడమ్ తన దగ్గర పనికి రమ్మంది, మొక్కల పని నేర్పి పెద్దదాన్ని చేస్తానంది, చలి తగ్గాక ఆగస్టులో రమ్మంది. ద్రీకా ఆ ఆదివారం చర్చి బయట అందరికీ చెప్పింది. మా సీనా. మొక్కల గురించి మాట్లాడితే మేడమ్ నోరు తెరుచుకుని విన్నదంట. జాస్పర్ మామకు రెండుసార్లు చెప్పింది. ఇప్పుడు తలుచుకుంటే చెవులు వేడెక్కుతున్నాయి, నిప్పుల వేడి కాదు. ఆ మేడమ్ పోయిన సెప్టెంబరులో వచ్చింది, క్లినిక్ ముందు తోట చూసి, ఎవరు వేశారని అడుగుతూ అడుగుతూ. కేప్‌టౌన్‌లో పెద్ద ఇళ్ళకు తోటలు వేయిస్తుందట. బూట్లు విప్పి గట్టు మీద పెట్టి మరీ తోటలోకి దిగింది, అది నచ్చింది ద్రీకాకు. దీనికి నీళ్ళెవరు పెడతారంటే, దేవుడు, అంది ద్రీకా. మరి కలుపెవరు తీస్తారంటే, నాకు కలుపేదో తెలీదు మేడమ్, అన్నీ పూస్తున్నాయి, అంది. మేడమ్ పగలబడి నవ్వింది. మా వాళ్ళకు సరిగ్గా ఇలాంటిదే కావాలి ద్రీకా, తనంతట తాను పెరిగే తోట, కాకపోతే ఎండాకాలం కూడా పచ్చగా ఉండాలంటారు, నేల కింద గొట్టాలు వేసి రోజూ నీళ్ళు పెట్టిస్తాం. మరి పడుకోవద్దా అవి, అంది ద్రీకా. ఎర్ర గిన్నెల దగ్గర మేడమ్ మోకాళ్ళ మీద కూర్చుండిపోయింది. ఓ డజను గడ్డలు ఇమ్మంది. విత్తనం ఇస్తాను, నాలుగేళ్ళకు పూస్తాయి, అంది ద్రీకా. నాలుగేళ్ళు ఎవరాగుతారు? సీనా పక్కనే టీ కప్పులు పట్టుకుని నిలబడి ఉంది, టీ మీద మీగడ కట్టేదాకా నిలబడి ఉంది, తర్వాత మేడమ్‌ను కారుదాకా సాగనంపింది. అప్పుడు గడ్డలు తెచ్చిమ్మని మేడమ్ అడిగిందా, సీనాయే ఇస్తానందా, ఎవరు ముందు నోరు తెరిచారు, అదొక్కటీ తెలిస్తే బాగుండు. తెలిస్తే ఏమవుతుంది. నన్ను అడిగి ఉంటే ఇచ్చేదాన్ని, అనుకుంది ద్రీకా ఆదివారం రాత్రంతా. ఇవాళ నిప్పుల ముందు కూర్చుంటే ఆ మాట నిలవడం లేదు. ఇచ్చేదా? సగమైనా? అడిగేంత దగ్గరికి రానిచ్చిందా అసలు?

జూన్‌లో ఓ సాయంత్రం గిన్నెలు తోముతూ సీనా అంది, నవ్వుతూనే అంది. "నన్ను కూడా నీ తోటలాగే పెంచావు కదక్కా. నీళ్ళు పోయకుండా. ఏమీ చెయ్యకపోతే అదే పెరుగుతుందని."

"పెరిగావుగా," అంది ద్రీకా.

"పెరిగాను, పెరిగాను," అంది సీనా, గిన్నె బోర్లించింది.

అమ్మను పాతిపెట్టిన రోజు ఆ పిల్ల మంచం కింద దూరి బయటికి రానంటే ద్రీకా లాగలేదు, బతిమాలలేదు, గది గుమ్మంలో కూర్చుని రాత్రంతా బఠానీలు ఒలిచింది. వస్తుంది, వచ్చేటప్పుడు వస్తుంది, కదిలించకూడదు. తెల్లారి వచ్చింది కూడా. అదే ప్రేమ అనుకుంది ద్రీకా, చెయ్యి పెట్టకుండా పక్కన ఉండటం. ఆ పిల్ల అక్కడ చీకట్లో ఏమనుకుందో ఎప్పుడూ అడగలేదు. అయినా, అయినా దానికీ దీనికీ సంబంధం ఏమిటి, మంచం కింద నుంచి లాగలేదని అమ్మ గడ్డలు తవ్వుకుపోతారా, మూడు వారాలు కొండ మీద ఎండలో టీ కోసి వచ్చినదానికి చెప్పులు తొడిగి మొహం చూసి నవ్వుతారా, ముళ్ళపందిని తిడుతుంటే టీ పెట్టనా అంటారా.

"ఏమే పట్నం పిల్లా!" కంచె మీద నుంచి ఫయా ఆంటీ. సీనా స్వెట్టరు కోసం బయటికి వచ్చింది. "రేపు మేమొస్తే గుర్తుపడతావా, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని ఎవరండీ మీరు అంటావా?"

"మీ గొంతు వింటే చెవిటివాళ్ళు కూడా గుర్తుపడతారాంటీ."

"చూశావా ద్రీకా దీని నోరు! ఎవరి పెంపకమో."

"నాదే," అంది ద్రీకా.

సీనా తీగ మీద చెయ్యి పెట్టి ఒక్క క్షణం ఆగింది. స్వెట్టరు తీసుకుని తడిదే తొడుక్కుంది. అరుగు మీద కూర్చుని టీ తాగింది. అక్కడ ఇలాంటి రొట్టె దొరకదు అంది. పిండీ నిప్పులూ ఉంటే దొరుకుతుంది అంది ద్రీకా. నిప్పులు రాజెయ్యనివ్వరంట ఆ గదుల్లో అంది సీనా. మరి తినకు అంది ద్రీకా, ఇద్దరూ నవ్వారు, నవ్వాక ఇద్దరూ కప్పుల్లోకి చూసుకున్నారు. ఇప్పుడు. ఇప్పుడు చెబుతుంది. కొండ నీడ తెల్ల రాయి దాటింది. సీనా కప్పు కడిగింది, బోర్లించింది, జడ వేసుకోవడానికి లోపలికి వెళ్ళింది.

సరే, చెప్పకు. చెప్పకపోతే నేనూ చెప్పను. నవంబరు వస్తుంది, అక్కడ గొట్టాల్లో నీళ్ళు రోజూ వస్తాయి, నిద్రపోయే గడ్డలు ఉబ్బి, మెత్తబడి, వేలితో నొక్కితే కారిపోతాయి, వచ్చే ఏడు మేడమ్ మోకాళ్ళ మీద కూర్చోవడానికి ఏమీ ఉండదు. నీకు తెలుసు సీనా, చిన్నప్పుడు పోసిన గిన్నెలు కడిగిన నీళ్ళు మరిచిపోయి ఉండవు. తెలిసినా ఆవిడ ముందు నోరు విప్పవు, కొత్త ఉద్యోగం, పెద్ద ఇల్లు, కుళాయి కట్టెయ్యండి అని ఎలా అంటావు. నీకు సొంత మాట మీద ఎప్పుడూ ధైర్యం లేదు. బడిలో టీచరుతోనైనా, కొట్లో కాటా దగ్గరైనా, మా అక్క చెప్పింది, అనేదానివి. మా అక్క చెప్పింది అంటే చాలు, నడుం మీద చెయ్యి వేసుకుని ఎవరితోనైనా పోట్లాడేదానివి. ఆ మాట ఈసారి నీ దగ్గర లేదు. నేను ఇస్తే తప్ప లేదు. ఎందుకివ్వాలి. కుళ్ళిపోనీ. అనుకుంది గానీ, అనుకున్న వెంటనే అమ్మ ఏప్రన్ కనిపించింది, రెండు అంచులూ గుప్పిట్లో పట్టుకుని నాగలి ముందు నడుస్తున్న అమ్మ, తను పుట్టకముందు అమ్మ, తను ఎన్నడూ చూడని అమ్మ. గడ్డలకేం తెలుసు, ఎవరు తవ్వారో, ఎవరు ఎవరికి ఏం చెప్పలేదో. అవి అక్కడ ఇప్పుడు ఆకులు వేసి ఉంటాయి. ఇవాళ్టి ఎండకు మూత తెరుస్తూ ఉంటాయేమో.

రోడ్డు మీద హారన్ మోగింది.

నీడ మొత్తం జారిపోయింది. తోట అంతా ఒక్కసారే విచ్చుకుంది, ఎన్నేళ్ళు చూసినా ఆ క్షణం ఎప్పుడో తెలియదు, ఒకసారి మూసుకుని ఉంటాయి, మరోసారి తెరుచుకుని ఉంటాయి. గుమ్మం నుంచి అన్నీ వీపులే. సీనా పెట్టె పట్టుకుని వచ్చింది, కళ్ళు కారువైపు. ద్రీకా లేచి రొట్టెల మూట తీసింది, రెండో వాయివి కూడా అందులోనే సర్ది ముడి బిగించి చేతికిచ్చింది. సీనా రెండు చేతులతో అందుకుంది. పెదాలు కదిలాయి. ద్రీకా ఆగింది. చీమ గడప దాటేంతసేపు, మరో హారన్ మోగేంతసేపు ఆగింది.

"సీనా. నవంబరు మొదటి తారీఖు నుంచి వాటికి కుళాయి కట్టెయ్యమను," అంది. గొంతు మామూలుగానే ఉంది, ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టే ఉంది. "ఏప్రిల్లో వాన పడేదాకా చుక్క పడకూడదు. ఆకు ఎండిపోతుంది. చచ్చిపోయాయంటారు, పీకి పారెయ్యమంటారు. పీకనివ్వకు. మా అక్క చెప్పిందని చెప్పు."

 సీనా చూపు ద్రీకా కళ్ళ దాకా రాలేదు, కాళ్ళ దగ్గరే ఆగింది, వట్టి కాళ్ళ దగ్గర, పక్కన విప్పి పెట్టిన చెప్పుల దగ్గర. మూట మీద వేళ్ళు ముడుచుకున్నాయి. ఫయా ఆంటీ కంచె దగ్గర చెయ్యి ఊపుతూ ఏదో అరుస్తోంది, జాగ్రత్త అనో, ఫోన్ చెయ్యమనో. సీనా పెట్టె ఎత్తుకుంది, మూట ఛాతీకి హత్తుకుంది, మెట్టు దిగింది. తోట మధ్య బాటలో ఎండకు ఎదురుగా నడిచింది, రెండు వైపులా పువ్వుల వీపుల మధ్య నుంచి. తెల్ల రాయి దాటింది. రోడ్డు ఎక్కింది. అక్కడ నిలబడి ఒక్కసారి వెనక్కి తిరిగితే చాలు, తోటంతా ఆమెనే చూస్తూ ఉండేది, ఆ నాలుగు చదరాలు కూడా. సీనా తిరగలేదు. కారు తలుపు తీసి ఎక్కి వెళ్ళిపోయింది.